వెంట వచ్చే మనిషి

అక్టోబర్ 7, మంగళవారం

డాక్టర్ బెలాంజే మూడు రోజుల పాటు లెక్క రాయమంది. ఏం తాగాను, మూత్రానికి ఎప్పుడు వెళ్ళాను, ఎంత వచ్చింది. కొలిచే గిన్నె ఆసుపత్రి వాళ్ళే ఇచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి నీటి సరఫరా శాఖలో గొట్టాల ప్రవాహం కొలిచినవాణ్ణి. ఇది కష్టం కాకూడదు.

ఉదయం 6:10కి 90 మిల్లీలీటర్లు. 7:25కి 60. 8:40కి 70. 9:30కి నాలుగు చుక్కలు. వాటిని రాయలేదు.

ఆమెకిచ్చే కాగితం వేరే ఉంది. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

అక్టోబర్ 8

పద్నాలుగు సార్లు. కాగితం మీద తొమ్మిది అని రాశాను.

అక్టోబర్ 12, ఆదివారం

ఐలి పోయి ఈ రోజుకి తొమ్మిది వారాలు.

ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో కాఫీ. ఐలి చెల్లెలు హెల్వి ఏలకుల రొట్టె కోసి అందరికీ పంచుతోంది. కొత్త పాస్టరు గారి భార్య ఐలి గురించి అడిగింది. హెల్వి చెప్పింది. ఎప్పుడూ చెప్పేదే, అవే మాటల్లో.

"మా బావ చివరిదాకా అక్క చెయ్యి వదల్లేదండీ. ఆ చెయ్యి ఆయన చేతిలో ఉండగానే నిద్రలో వెళ్ళిపోయింది. అందరికీ దొరుకుతుందా అలాంటి చావు?"

పాస్టరు గారి భార్య నా వైపు తిరిగింది. నేను రొట్టె ముక్క తీసుకున్నాను. అప్పటికే నా పళ్ళెంలో ఒకటుంది.

తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళాను. అవసరం ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

అక్టోబర్ 19, ఆదివారం

కాఫీకి ఆగకుండా ఇంటికి వచ్చేశాను. ఇక్కడ రాయగలనేమో చూస్తాను.

ఆగస్టు 10. ఆసుపత్రి నాలుగో అంతస్తు. హెల్వి రెండు రాత్రులుగా కుర్చీలోనే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమెను నేనే ఇంటికి పంపాను. స్నానం చేసి కాసేపు పడుకో, నేను ఇక్కణ్ణుంచి కదలను అన్నాను. ఆమె వెళ్ళనంది. బలవంతంగా పంపాను.

రెండింటి నుంచి ఆపుకున్నాను. మూడుకి పది నిమిషాలుండగా లేచాను. గదిలోనే బాత్రూమ్ ఉంది. దాని తలుపు పలచన. నేను నిలబడి ఎదురుచూడటం, చుక్కచుక్కగా పడటం, ఆగడం, మళ్ళీ పడటం, అదంతా ఐలికి వినబడుతుందని నడవా చివర ఉన్నదానికి వెళ్ళాను. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమె వింటుందని సిగ్గుపడ్డాను.

ఇరవై నిమిషాలు పట్టింది.

తిరిగొచ్చేసరికి నర్సు మంచం పక్కన నిలబడి ఉంది. ఐలికి ఊపిరి లేదు. కూర్చుని ఐలి చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. హెల్వి వచ్చేటప్పటికి అలాగే కూర్చుని ఉన్నాను.

"చెయ్యి పట్టుకునే ఉన్నావా బావా?" అని అడిగింది.

ఉన్నాను అన్నాను.

ఒక్క మాట. దాన్ని ఆమె అంత పెద్దది చేస్తుందని నాకు తెలియదు.

అక్టోబర్ 27, సోమవారం

డాక్టర్ దగ్గరికి. ముందు గరాటులాంటి దాంట్లో పోయించారు. కింద యంత్రం గీత గీస్తుంది. ఆ గీత నాకు చూపించింది. సెకనుకి ఐదు మిల్లీలీటర్లు, మధ్యలో మూడు చోట్ల సున్నా. ఇలాంటి గీత నా బల్ల మీదకి వచ్చి ఉంటే ఆ రోజే రోడ్డు తవ్వించేవాణ్ణి.

తర్వాత ప్రశ్నల కాగితం. ఏడు ప్రశ్నలకు అంకెలు వేయాలి. ఎనిమిదోది వేరు. ఇప్పుడున్నట్టే మిగతా జీవితమంతా గడపాల్సి వస్తే మీకు ఎలా ఉంటుంది? ఏడు జవాబులు, సంతోషం దగ్గర మొదలై భయంకరం దగ్గర ఆగుతాయి. "చాలావరకు తృప్తి" మీద గుర్తు పెట్టాను.

ఆమె ఆ కాగితం చూసి, స్కాన్ చూసి, మళ్ళీ కాగితం చూసింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. నా కాలంలో అయితే శిక్షణకు వచ్చిన పిల్ల.

"మిస్టర్ కివెలా, మీరు వెళ్ళొచ్చాక కూడా లోపల అర లీటరు మిగిలిపోతోంది. బయటికి వచ్చేది పొంగి పొర్లినది మాత్రమే. రెండు కిడ్నీలూ ఉబ్బడం మొదలైంది. మీకు తృప్తిగా ఉందా?"



ప్రోస్టేట్ గ్రంథి డెబ్బై గ్రాములుందట. ఉండాల్సింది ఇరవై చిల్లర. దారులు వరసగా చెప్పింది. ఇప్పుడు వాడుతున్న మాత్రకి తోడు ఇంకోటి. అది పనిచేయడానికి ఆరు నెలలు. అంత వ్యవధి కిడ్నీలు ఇవ్వవు. లేదంటే సూదితో వేడి ఆవిరి పట్టించి గ్రంథిని కుదించడం. అదీ నెమ్మదే, నా స్థితికి చాలకపోవచ్చు. లేదంటే లోపలి నుంచే పరికరం పంపి అడ్డున్న భాగాన్ని గీకి తీయడం. పైన కోత ఉండదు. ఇవేవీ వద్దంటే జీవితాంతం గొట్టం, సంచి, నెలకోసారి మార్పించుకోవడం. తనైతే గీకించుకోమంటాను అంది. ఎక్కువ రోజులు ఆగితే కిడ్నీలు మళ్ళీ మామూలు కాకపోవచ్చు అంది.

గీకించుకుంటే వీర్యం బయటికి రాకుండా వెనక్కి పోతుందట. అది మీకు ముఖ్యమా అని అడిగింది. అవసరం లేదన్నాను. కారులో కూర్చున్నాక ఆ మాట ఐలి పక్కసీట్లోంచి విన్నట్టనిపించింది. ఆమెను ఇంకోసారి వదిలి వెళ్ళినట్టు.

అక్టోబర్ 28

ఆసుపత్రి ఫారం నింపాను. పేరు, వయసు 74, మందులు, అలర్జీలు. చివర ఒక పెట్టె: మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి, ఆ రాత్రి మీతో ఉండే మనిషి పేరు. అది లేకపోతే ఆపరేషన్ చెయ్యరు.

నాకు దగ్గరివాళ్ళంటే హెల్వి ఒక్కతే. అడిగితే వెంటనే వస్తుంది. ఎందుకు వస్తుందో నాకు తెలుసు.

ఫారం సొరుగులో పెట్టాను.

నవంబర్ 3

పన్నెండు సార్లు. నిన్నటికంటే రెండు తక్కువ. తగ్గుతోంది. బహుశా దేనికీ అవసరం రాదు.

నవంబర్ 8, శనివారం

రాయక తప్పదు.

శనివారం సౌనా, అంటే ఆవిరి స్నానం, వెయిక్కో ఇంటి వెనక. నీటి శాఖలో చేరకముందు మిల్లులో పనిచేసిన రోజుల నుంచి అతనూ నేనూ స్నేహితులం. ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం ఆ కొయ్యగదిలో, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ కూర్చుంటాం. మునుపు నలుగురం. ఇప్పుడు ఇద్దరం. ఆగస్టు నుంచి నేను తలుపు దగ్గర కింది బల్ల మీద కూర్చుంటున్నాను, మాటిమాటికీ బయటికి వెళ్ళొచ్చని.

"ఏంట్రా, మళ్ళీ అక్కడేనా?" అన్నాడు పోయిన వారం. "అది మనవళ్ళు కూర్చునే చోటు. ఆవిరి కూడా నీ దాకా దిగిరాదు, సిగ్గుపడి వెళ్ళిపోతుంది."

అందుకని ఈ రోజు పై బల్ల ఎక్కాలనుకున్నాను. రాత్రి భోజనం తర్వాత వేసుకోవాల్సిన మాత్ర మధ్యాహ్నం నాలుగింటికే వేసుకున్నాను. ఒకటి కాదు, రెండు. దారి బాగా తెరుచుకుంటే గంటసేపు లేవక్కర్లేదని లెక్క. డబ్బా మీద రాసి ఉంది, రక్తపోటు పడిపోవచ్చు, లేచేటప్పుడు జాగ్రత్త అని. చదివాను. వేడిలో కూర్చునే మనిషి గురించి అందులో ఏమీ రాయలేదు. రాయాల్సిన పని లేదు. నాకు తెలియాలి.

మూడోసారి నీళ్ళు చల్లాక లేచాను.

తర్వాత గుర్తున్నది వీపు కింద మంచు. పైన వెయిక్కో ముఖం. బట్టల్లేకుండా మోకాళ్ళ మీద కూర్చుని నా చెంపలు వాయిస్తున్నాడు. మీసానికి మంచు కట్టింది.

"చచ్చావనుకున్నాను" అన్నాడు. "మనిద్దరం ఈ అవతారంలో ఉంటే అంబులెన్సు వాళ్ళకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను."

బట్టలు మార్చుకునే గదిలో తువ్వాళ్ళు చుట్టి కూర్చోబెట్టాడు. ఏం మాత్రలని అడిగాడు. చెప్పేదాకా వదల్లేదు. గ్రంథి, కిడ్నీలు, ఆవిరి, గీకడం, అన్నీ చెప్పాను. హెల్వి సంగతి చెప్పలేదు.

పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు.

"ఆరేళ్ళ కిందట సడ్‌బరీలో మా పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్ళాను చూడు, పది రోజులు."

వెళ్ళావు అన్నాను.

"వెళ్ళలేదు. గీకించుకున్నాను. ఇంట్లోనే కర్టెన్లు మూసుకుని పడుకున్నాను. కారు కూడా గ్యారేజీలో దాచాను, నువ్వు చూస్తావని."

ముప్పై ఏళ్ళు ఒంటి మీద నూలుపోగు లేకుండా పక్కపక్కన కూర్చున్నాం. ఇది మాత్రం దాచుకున్నాం.

అప్పట్లో అతన్ని ఇంటికి తెచ్చింది వాళ్ళావిడ. దారంతా తిట్టిందట. ఆవిడ పోయి మూడేళ్ళు. తనే వచ్చేవాణ్ణి కానీ కళ్ళు మందగించి వసంతంలోనే లైసెన్సు లాగేసుకున్నారు. "నీకు మరదలుంది కదరా, దానికి చెప్పు" అన్నాడు. చెబుతానన్నాను. ఆవిరి వైద్యం గురించి మాత్రం ఊరుకోలేకపోయాడు. అరవై ఏళ్ళు బయట పట్టించుకున్నావు చాలదా, లోపల కూడానా అన్నాడు. నవ్వితే కడుపు నొప్పెట్టింది.

నవంబర్ 9

హెల్వికి చెప్పలేదు. కాఫీకి వెళ్ళలేదు.

నవంబర్ 21

ఫర్వాలేదు.

డిసెంబర్ 11, గురువారం

డాక్టరే ఫోన్ చేసింది. రక్తపరీక్షలో కిడ్నీ అంకె పెరిగింది. ఫిబ్రవరి 4న ఆపరేషన్ ఉన్నవాళ్ళెవరో తప్పుకున్నారు, ఆ చోటు నాకిస్తానంది. అది వదులుకుంటే జూన్. జూన్ దాకా ఆగలేమని నెమ్మదిగా చెప్పింది. ఫారం ఇంకా అందలేదేమని అడిగింది. పోస్టులో ఉందేమో అన్నాను.

డిసెంబర్ 24

హెల్వి ఇంట్లో భోజనం. కుర్చీ మీద మరక పడింది. ముదురు రంగు గుడ్డ, ఎవరూ చూడలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఆ కుర్చీని గోడవైపున్న కుర్చీతో మార్చేశాను. ఇంటికొచ్చి చాలాసేపు కారులోనే కూర్చున్నాను.

జనవరి 6, మంగళవారం

క్రిస్మస్ చెట్టు తీసేసే రోజు. నేను ఈసారి చెట్టు పెట్టలేదు. అయినా హెల్వి వచ్చింది, రొట్టెతో. ఐలి కోట్లు బీరువాలోంచి తీసి మడతపెట్టింది. ఒకటి తను ఉంచుకుంటానంది.

ఇక ఆగే వీలు లేదని అడిగాను. ఆపరేషన్, తేదీ, వెంట మనిషి. ఏ భాగమో చెప్పేటప్పుడు కిటికీ వైపు తిరిగి చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?" అంది. "దానికి అడగాలా బావా? అక్కకి నువ్వు చేసినదానికి నేనేం చేసినా తక్కువే. చివరి నిమిషం దాకా ఆ చెయ్యి..."

లేను అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. మూడుకి పది, నడవా, పలచటి తలుపు, నర్సు.

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

చేతిలోని కోటు బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

"నేనుండేదాన్ని. రెండు రాత్రులు ఉన్నాను, ఇంకో రెండు గంటలు ఉండలేనా? నువ్వే పంపించావు. కదలనని చెప్పి పంపించావు."

అవును అన్నాను.

"ఐదు నెలలుగా ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోతున్నాను. ఇప్పుడెందుకు చెప్పావు? నీకు బరువు దిగుతుందనా?"

దిగలేదు. బూట్ల జిప్పు వేసుకోకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. రొట్టె బల్ల మీదే ఉండిపోయింది. ఐలి కోటు తీసుకెళ్ళింది.

జనవరి 7

ఏమీ లేదు.

జనవరి 12

చర్చికి వెళ్ళి రెండు వారాలైంది. నాకు జలుబని వెయిక్కోకి చెప్పాను.

జనవరి 23, శుక్రవారం

ఆసుపత్రి గుమాస్తా ఫోన్. వెంట వచ్చే మనిషి ఎవరు? టాక్సీలో వెళ్తానన్నాను. టాక్సీ డ్రైవరు లెక్కలోకి రాడంది. మనిషి లేకపోతే ఆ రోజు రద్దు.

హెల్వి రాంతాలా అన్నాను. బంధం? మరదలు. ఫోన్ నంబరు కూడా చెప్పాను. పేరు ఎలా రాయాలో అక్షరం అక్షరం చెప్పాను.

ఆపరేషన్ అయ్యాక ఎవరూ చూడనప్పుడు బయటికొచ్చి టాక్సీ ఎక్కుతాను. నిజం చెప్పి మూడు వారాలు కాలేదు. మళ్ళీ ఆమె పేరు మీదే అబద్ధం.

ఫిబ్రవరి 5, గురువారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. కూర్చుంటే మంట, నిలబడితే గొట్టం లాగుతుంది. పక్కకి ఒత్తిగిలి రాస్తున్నాను.

నిన్న ఉదయం ఐదున్నరకి సంచి సర్దుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. బయట చలి సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద. టాక్సీ అనుకుని వెలుగు చూసి బయటికొచ్చాను. హెల్వి కారు. లోపల్నుంచి తలుపు తెరిచింది.

"ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. నా పేరిచ్చావట."

"ఇచ్చాను."

"అడగకుండా."

"అడగకుండా."

"అవునన్నాను" అంది. "ఎక్కు. ఇల్లు చల్లబడుతుంది, తలుపెయ్యి."

టాక్సీ వాళ్ళకి ఫోన్ చేసి వద్దన్నాను. ఆమె వింటుండగానే ఆ మాట చెప్పాల్సొచ్చింది. రెండు మైళ్ళు దాటాం. రైలు పట్టాల దగ్గర ఎర్ర దీపం పడింది.

"నువ్వు గదిలోంచి వెళ్ళే ముందు అక్క ఏమైనా అందా?"

ఆగస్టులోనూ ఇదే అడిగింది. అప్పుడు ఏమీ లేదన్నాను. ఈ పుస్తకంలో కూడా రాయలేదు. మనిషి పోయేముందు అన్న ఆఖరి మాట ఇది అని ఎవరికి చెప్పుకుంటాను?

"కాళ్ళు ఊపకు, మంచం కదులుతోంది అంది. ఎంతసేపు ఆపుకుంటావు, పోయి రా అంది."

దీపం పచ్చగా మారింది. ఆమె కదల్లేదు. వెనక ఎవరూ లేరు. మళ్ళీ ఎర్రబడింది. దగ్గులాంటి శబ్దం వచ్చింది ఆమె నుంచి. నవ్వని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. కళ్ళు తుడుచుకోలేదు.

"మంచం కదులుతోందందా?"

"అంది."

"చిన్నప్పుడు నన్నూ అదే అనేది. ఇద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. చలికి లేవలేక నేను ఆపుకుంటే కాలితో తన్నేది, పోయి రావే అని."

ఆపరేషన్ గంట పట్టింది. నడుము కింద తిమ్మిరి, చెవులకి పాటలు పెట్టారు. డాక్టరు బాగా జరిగిందంది. సాయంత్రం హెల్వి ఇంటికి తెచ్చింది. కారుసీటు మీద ప్లాస్టిక్ గుడ్డ ముందే పరిచి పెట్టింది, దాని మీద దుప్పటి, నాకు కనబడకుండా. కనబడింది.

రాత్రి సోఫా మీద పడుకుంది. తెల్లవారుజామున సంచి మూత సరిగా బిగించలేదు నేను. ఎర్రటి నీళ్ళు చాప మీదకి పారాయి. వంగొద్దన్నారు. వంగబోయాను. ఆమె వచ్చి నన్ను కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. నేను పైజమా కూడా వేసుకోలేదు, చొక్కా కిందికి లాక్కుంటూ కూర్చున్నాను.

"నా కోపం పోలేదు బావా" అంది, గుడ్డ పిండుతూ.

తెలుసు అన్నాను.

"పోతుందో లేదో కూడా తెలియదు. కాళ్ళెత్తు."

ఎత్తాను.

ఫిబ్రవరి 9

గొట్టం తీశారు. మూడు గంటల తర్వాత 260 మిల్లీలీటర్లు. ఆగకుండా. లోపల మిగిలింది 70. నర్సు చప్పట్లు కొట్టింది. అలా చెయ్యొద్దని చెప్పాలనిపించింది.

ఇరవై నిమిషాల పని ఇరవై సెకన్లలో అయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. సంతోషం రాలేదు. ఇది నిరుడే చేయించుకుని ఉండొచ్చు. నిరుడే మా ఫ్యామిలీ డాక్టరు చెప్పాడు. ఐలి కూడా చెప్పింది. ఫర్వాలేదన్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

చర్చికి వెళ్ళాను. కింద హాల్లో కాఫీకి ఆగాను. వెయిక్కో నాకోసం మెత్త ఉన్న కుర్చీ పట్టుకుని ఉంచాడు. సడ్‌బరీ నుంచి ఎప్పుడొచ్చావు అని గట్టిగా అడిగాడు. ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప.

పాస్టరు గారి భార్య తన తల్లిని వెంట తెచ్చింది. హెల్వి రొట్టె కోస్తోంది. ఆ ముసలావిడ గోడ మీదున్న ఐలి ఫొటో చూసి, ఈవిడేనా ఆ నిద్రలో పోయినావిడ, భర్త చెయ్యి పట్టుకుని, అని అడిగింది.

హెల్వి కత్తి పక్కన పెట్టింది. నా వైపు చూడలేదు.

"కాదండీ. నేను తప్పు చెప్పాను. అప్పుడు మా బావ గదిలో లేడు."

బల్ల చుట్టూ చప్పుడు ఆగింది.

"బాత్రూమ్‌కి వెళ్ళాడు. అక్కే పంపించింది. ఆయన ఆపుకోలేక కాళ్ళు ఊపుతుంటే మంచం కదులుతోంది, పోయి రమ్మంది. మా అక్క ఆఖరి మాట అదండీ. వెనక్కొచ్చేసరికి పోయింది."

ముందుగా ఆ ముసలావిడ నవ్వింది. నోరు మూసుకుని, భుజాలు కదిలేలా. మా ఆయన్ని కూడా నేను అలాగే తిట్టేదాన్ని అంది. ఆ తర్వాత బల్లంతా నవ్వింది. కొందరు కళ్ళు ఒత్తుకున్నారు. అందరూ నన్ను చూశారు. ఎందుకు వెళ్ళానో, ఎప్పుడు తిరిగొచ్చానో, అంతా ఇప్పుడు వాళ్ళకి తెలుసు.

చెవుల దాకా కాలింది. లేచి వెళ్ళడానికి నాకిప్పుడు సాకు లేదు. హెల్వి వచ్చి నా కప్పు నింపింది. అక్కడే కూర్చుని తాగాను.